పేషెంటు పేరు

ఆఖరి మోకాలు ఇంటికెళ్లాక
రాత్రి పదకొండున్నరకి మెషీన్ మాకిస్తారు,
గంటన్నరసేపు.
రామ్‌నగర్ రోడ్డు మీద ఇడ్లీబండి కడుగుతున్న చప్పుడు.
లోపల హీలియం పంపు
గంప కింద కోడిపిల్లలా కిచకిచ.

థర్మోకోల్ పెట్టెలో తెచ్చాను:
సముద్రపు నాచు జిగురు దిమ్మ,
అందులో గుచ్చిన ఆరు గొట్టాలు.
ఆరింటిలోనూ రక్తరసం, ఒకే మోతాదు మాంగనీసు.
పై వరస మూడూ ఇవాళ కలిపినవి.
కింది మూడూ జింకుతో కలిసి
ఒంటివేడిలో రెండు రోజులు నానినవి.

మాంగనీసు విడిగా కాదు, విడిగా ఇస్తే విషం.
దాన్ని పట్టుకోడానికి ఒక అణువు అల్లాం, మూడేళ్లు.
ఆరు చేతులతో బిగించాలి,
ఏడో వైపు నీటిచుక్కకి వాకిలి వదలాలి.
జోడీ లేని ఐదు ఎలక్ట్రాన్లు
వాకిట్లోకొచ్చిన నీటిని తట్టి లేపుతాయి,
లేచిన నీరు బొమ్మలో తెల్లగా పడుతుంది.
చెప్పడానికి ఇంతే.
పదహారు బ్యాచులు పారబోశాం.

గాజులు తీసి గుమ్మం దగ్గర పెట్టాను.
గురునాయుడు కీబోర్డు ముందు కూర్చుని
"పేరు చెప్పండి మేడమ్" అన్నాడు.
గొట్టాలకి పేరేమిటయ్యా?
"పేరు, వయసు, బరువు కొట్టందే
ఇది కదలదండీ."

నోటికి ఏదొస్తే అది చెప్పాను:
కోరాడ సన్యాసమ్మ. అరవై ఒకటి.
ముప్ఫై తొమ్మిది కిలోలు.

మా అమ్మమ్మ.
రేవులో మాంగనీసు మోసింది.
గరివిడి నుంచి వ్యాగన్లలో దిగిన నల్లరాయి
తట్టకెత్తుకుని, ఊగే పలక మీద నడిచి
ఓడ కడుపులో పోసి రావడం.
చీకటిపడి ఇంటికొస్తే
కళ్లూ పళ్లే కనిపించేవి.
"కడిగీస్తే పోద్దే గుంటా, ఇదేటి పాపమా?"
కడిగితే పోయేది,
పైపైన.

తర్వాత్తర్వాత గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికేవి.
మొహం బిగిసి, నవ్వు లోపలే ఆగిపోయేది.
ఒకడుగు వెనక్కి వెయ్యబోతే పడిపోయేది.
వయసమ్మా, అన్నాడు డాక్టరు.
రేవులో ఇంకెంతమందికి
అంత తొందరగా వయసొచ్చిందో
ఎవరూ లెక్కరాయలేదు.
తలకి స్కానింగ్ అన్నారొకసారి,
ఆ డబ్బుతో ఇంటికి రేకులు వేయించాం.
తీయించి ఉంటే
మెదడు నడుమ అటొకటి ఇటొకటి
రెండు తెల్లటి మచ్చలు కనిపించేవేమో.
ఏ సూదీ అక్కర్లేకుండా
తన మందు తనే మోసుకు తిరిగిందేమో.
ఏమో. తీయించలేదుగా.

రేకు మీద సుత్తిదెబ్బల్లా మెషీన్ మొదలైంది.
తెర మీద ఆరు గుండ్రాలు.
పై మూడూ మబ్బుపట్టిన చంద్రుడి రంగు.
కింది మూడూ...
"అబ్బ, చూడండి మేడమ్,
పెళ్లిపందిరి లైట్లలా ఉన్నాయి! కొట్టేశాం కదా?"

కొట్టలేదు.
అంత వెలుగొచ్చిందంటే పట్టు జారిందని.
జింకు వచ్చి చోటడిగింది, మావాళ్లు లేచి ఇచ్చేశారు.
బయటపడ్డ లోహం
రక్తంలోని ప్రోటీన్‌ని వాటేసుకుని
ఇలాగే మెరిసిపోతుంది.
నా పనిలో అందమైన బొమ్మలన్నీ
ఓడిపోయిన రాత్రుళ్లవే.

నోట్‌బుక్కులో రాశాను:
పదిహేడో బ్యాచి. నలభై ఎనిమిది గంటలు. వదిలేసింది.
రాసిన చేతిని ఒకసారి చాచి చూసుకున్నాను,
ఈమధ్య అలవాటైంది.

గాజులు వేసుకుంటుంటే
"ఈ రికార్డు తుడిచెయ్యనా?" అన్నాడు గురునాయుడు.
ఉండనీ అన్నాను.
తెర మీద ఇంకా ఉంది,
కోరాడ సన్యాసమ్మ, స్త్రీ, అరవై ఒకటి,
ముప్ఫై తొమ్మిది కిలోలు,
తట్ట కాక.