అటుక మీది డబ్బాలు

స్టేషన్ రోడ్డుల నా దుక్నం ఏడడుగుల వెడల్పు.
టీవీల కాలంల టీవీలు, ఇప్పుడు సెల్‌ఫోన్లు,
వరంగల్‌ల పాడైనయి సగం నాకాడికే వస్తయి.
పైన అటుక మీద
ఎవలూ తీస్కపోని ఆట డబ్బాలు పదిహేడు.

నిన్న మడికొండ నుంచి ఒక పిల్ల వచ్చింది,
సంహిత అట పేరు, పొన్నాలోళ్ల పిల్ల.
హెల్మెట్ తియ్యకముందే సంచిలకెళ్లి తీసి కౌంటర్ మీద పెట్టింది:
సబ్బుపెట్టెంత డబ్బ, రెండు చేతిపిడులు.
"మేమే చేసినమంకుల్, నలుగురం.
మీ దుక్నంల పెట్టుకోండ్రి. అమ్ముడైతెనే పైసలియ్యుండ్రి."

నేనేమనలే.
స్క్రూడ్రైవర్ అందుకున్న.
మనిషిని మొకం చూసి, మిషన్‌ను నట్టు చూసి పోల్చుకుంట నేను.
పెద్ద కంపెనీలది మూడు మూలల నట్టు,
నన్ను ముట్టకు అన్నట్టే ఉంటది.
దీనిది మామూలు ప్లస్ నట్టు.
నాలుగు తిప్పులకు ఊడింది.
లోపల టాంకాలు శుభ్రం,
వైరుకు వైరుకు ఎడమున్నది,
గాలాడ జాగున్నది.
మంచిగ చేసిండ్రు పోరగాళ్లు, అబద్ధమెందుకు.

"ఆటలెన్ని?" అన్న.
"ఒకటి. ఇంకోటి సగమైంది."

స్టూలెక్కి అటుక మీది దుమ్ము దింపిన.
ఇగో ఇది, పిడికి బంగారు రంగు, రెండేండ్లు బతికింది.
దీని పెట్టె మీద తొమ్మిదివేల తొమ్మిదివందల తొంభైతొమ్మిది ఆటలని రాసుంటది,
లోపలివి ఏడే,
తతిమ్మావన్ని ఆ ఏడే, అంగీలు మార్చుకొని.
అయినా హన్మకొండ పిల్లలంత సెలవులకు దాన్నే అరగదీసిండ్రు.
ఈ తెల్లదాని వారంటీ కార్డు మీది నంబర్ ఇప్పుడు మోగదు.
ఈ నల్లదాన్ని రిపేరుకిచ్చిన లెక్చరర్ సారు మళ్ల రాలే,
కొడుకు ఫోన్ల ఆడుకుంటుండట.

ఇవి పాడైనయి కావు బిడ్డా.
ఇయ్యాల వైరు పెట్టినా ఎర్రలైటు వెలుగుతది.
తిండి లేక పోయినయి.

మా నాయిన కొత్తవాడల జంపఖానాలు నేసెటోడు.
ఒకేడు అప్పుజేసి కొత్త మగ్గం పెట్టిండు,
టేకుది, గల్లీ గల్లంత చూడ వచ్చింది.
నూలు మాత్రం సేటు గోదాంల ఉన్నది.
సేటు నూలాపిన నెల
మా అమ్మ ఆ మగ్గం మీద తడిబట్టలారేసింది.

డబ్బ మగ్గం, ఆట నూలు.
పెద్దోళ్లు మగ్గాన్ని నష్టానికే ఇస్తరు, నూలు కాడ వసూలు జేస్తరు.
నష్టపోనీకె నీకాడ ఎన్ని పైసలున్నయి?

వేళ్ల మీద లెక్కపెట్టలే ఆమె.
"పద్నాలుగు నెలల జీతాలకున్నయి" అన్నది,
రాత్రిళ్లు వందసార్లు కూడి తీసేసిన లెక్క అది,
గొంతుల తెలుస్తది.
చాయ్ తాగింది, పోయింది.
డబ్బ మర్చిపోయిందో, విడిచిపెట్టి పోయిందో.

పొద్దుమీకి ఒకామె చార్జర్ కోసమొచ్చింది,
ఎన్మిదేండ్ల పోరడు వెంబడి.
వాడు అడగకుండనే పిడి పట్టిండు.
కాజీపేట జంక్షన్‌ల పట్టాలు దాటే మేక, అదీ ఆట.
మేక మూడుసార్లు గూడ్సు కింద పడ్డది.
మూడుసార్లూ వాడు పడిపడి నవ్విండు.
నాలుగో మెట్టు కాడ మేక గాల్ల కాలెత్తి అట్లనే నిలబడిపోయింది.
బందు చేసి మళ్ల పెట్టిన.
వాళ్లమ్మ రెక్క పట్టి గుంజుతుంటె
గడప మీదికెళ్లి తిరిగి చూసి అడిగిండు:
"ఇంకో ఆట లేదా తాతా?"

షట్టర్ దించుతుంటె అటుక దిక్కు చూపు పోయింది.
పద్దెనిమిదో దానికి జాగున్నది.
పెట్టబుద్ధి కాలే.
కౌంటర్ మీదనే ఉంచి రుమాలు కప్పిన.
చీటీ మీది నంబర్‌కు ఫోన్ జేసిన.
రెండో ఆట జల్ది కానియ్యమన్న.
నాలుగో మెట్టు కాడ మేక ఆగుతుంది, చూసుకోమన్న.
ఇంకేమన్న మార్చాల్నా అంకుల్, అన్నది.
ఏమన్న మార్చు గని
నట్టు మార్చకు.