గొడుగు కమ్మీలు

ఇంటిపేరు తుపాకులోళ్ళం.
తుపాకీ మాలో ఎవురూ ముట్టింది లేదు.
ఉండేదంతా ఒక విల్లు, అదీ జేజినాయనది,
నారి తెగితే మోపెడ్ బ్రేకు తీగ కట్టిండేది.

వలేస్తే కాంట్రాక్టరుకు పాట డబ్బులు కట్టాల.
బాణానికి పాట లేదు.
ఆ సందులో నుంచే
అరణియారు డ్యాము చేప మా చట్టిలోకొచ్చేది.

పిచ్చాటూరు సంతలో విరిగిన గొడుగులు ఏరుకొచ్చేవాడు.
గొడుక్కి ఎనిమిది కమ్మీలు.
సైకిలు షాపు ఖాదర్ బాషాని ఆకురాయి అడుక్కోని
మొన రుద్ది, ముల్లు వంచి,
వెదురు చువ్వకు గుచ్చి, నారతో బిగించి,
చెవి కాడ పెట్టుకోని వేలితో మీటేవాడు.
ఏం వినపడేదో నన్నడగొద్దు.

నా పని దేవడం.
ఎనిమిదేండ్ల పిల్లని.
ఆయన విడిస్తే నేను దూకాల.

"కండ్లు మూసుకో పాపా,
నీళ్ళు అబద్ధమాడతాయి.
చేప కనపడే చోట ఉండదు, జానెడు కింద ఉంటాది.
బాణమూ అంతే.
కాలితో చూడు."

కాలితో చూసినాను.
తుమ్మముల్లు, గాజుపెంకు, ఎవురిదో పంపు పైపు ముక్క,
మెత్తంగా జారిపోయే మట్టగిడస,
ఆనక బొటనవేలి సందులో
సన్నంగా, చల్లంగా, నిలబడుకోనుండే కమ్మీ.
లాగితే బురద చప్పరించి వదిలేది.

దేనికీ తగలని బాణం తేలి ఒడ్డుకొస్తాది.
దిగిందే దొరకదు.

ఒక పొద్దు మొరవ కాడ విడిచినాడు.
దారం ఆయన అరచేతిని కోసుకుంటా పోయి
పుటుక్కుమనింది.
"వాలుగ. రెండు మూరలు" అన్నాడు, రక్తం నాక్కుంటా.
టీ అంగడి కాడ అది రోజుకో జానెడు పెరిగింది.
నాలుగు మూరలయినాక జనం నవ్వడం మొదలుపెట్టినారు.
మూడు దినాలు మునిగినాను ఆ బాణం కోసం.
చెవిలో చీము పట్టింది.
జేజి ఉల్లిగడ్డ రసం పోసి, ఇద్దర్నీ తిట్టింది.

మొన్నటి ఎండలకు డ్యాము అడుగు తేలింది.
శ్రీసిటీలో రాత్రి షిఫ్టు దిగి వస్తా ఉంటే
బస్సు కిటికీలో కనపడినాయి,
నెర్రెలిచ్చిన మట్టిలో
ఎవురో నాటి మర్చిపోయిన పైరు మాదిర
కమ్మీలు.

దిగి, పెరకను పెరకను పంతొమ్మిది.
రెండు గొడుగులు, మీద మూడు.
ఆయన్నెప్పుడడిగినా "పోయింది మూడే" అనేవాడు.

కట్ట మీద కూచోనుండాడు, కంట్లో పొర.
ఒడిలో పోస్తే తడిమి, తడిమి,
"పక్కూరోళ్ళవి అయ్యుంటాయిలే" అన్నాడు.
పక్కూర్లో విల్లు పట్టినోడే లేడు.

మొరవ కింద ఇంకొకటి.
వెదురు చివికి పొడయిపోయింది.
కమ్మీ మాత్రం వెన్నెముకలో అడ్డంగా ఇరుక్కోని
తుప్పూ ఎముకా ఒకే రంగుకు తిరిగుండాయి.
మోకాళ్ళ మీద కూచోని మూరేసినాను.
తల కాడ నుంచి తోక పూస దాకా
రెండు.
ఇంకో సారి వేసినాను. రెండే.

తెచ్చి చేతిలో పెట్టినాను.
ఒక్కో పూసా లెక్కబెట్టినాడు.
గొప్పగా ఏమన్నా అంటాడనుకున్నా.
"నాలుగంటివే" అన్నా నేనే, ఉండబట్టలేక.
"యాడ రెండు చెప్తే ఎవురు నమ్మిరి" అన్నాడు.

కమ్మీ ఊడదీసి, చెవి కాడ పెట్టుకోని మీటినాడు.

"ఇంకోటుండాల. తూము కాడ.
నీయమ్మ పుట్టిన ఏడు విడిచింది.
కాలితో చూడు."

తూము కాడ చుక్క నీళ్ళు లేవు.
చూడాలంటే కండ్లు చాలు.

కంపెనీ బూట్లు విప్పినాను.