నూటికి నూట పది

మా టైమింగ్ గది ఒకప్పుడు గుర్రాలను తోలిన ట్రైలర్.
ఎంత కడిగినా, వాన పడితే
ఇప్పటికీ గుర్రం వాసన.
ఇరవై రెండేళ్లుగా జూలైలో మూడు రోజులు
అందులో కూర్చుంటాను.
మిగతా ఏడాది బాలిగారన్ బడిలో లెక్కలు చెబుతాను.

రోడ్డు మామూలు రోడ్డే.
పాల ట్యాంకర్లు తిరిగేది, గొర్రెలు అడ్డం పడేది.
ఆ మూడు రోజులు తాళ్లు కట్టి మూసేస్తాం.
కరెంటు స్తంభాలకు గడ్డి మోపులు చుడతాం.
ఎడమ పక్క రాతి గోడ, కుడి పక్క ముళ్ల కంచె,
నడుమ గంటకు నూట అరవై మైళ్లు.

ఒకప్పుడు డబ్బు కట్టినవాళ్లందరికీ చోటుండేది.
ముందువాడు నాలుగున్నర నిమిషాల్లో చుట్టి వచ్చే దారిని
వెనకవాడు ఆరు నిమిషాలు చుట్టేవాడు.
ఆ ఏడు, యాపిల్ తోట మలుపులో,
ఒకడు తన బతుకులోకెల్లా మంచి ల్యాపు మీదున్నాడు,
ఒకడు గోడెక్కిన పిల్లలకు చెయ్యూపుతున్నాడు.
తప్పు ఇద్దరిదీ కాదు.
నా కాగితం మీద రెండు గళ్లు ఖాళీగా ఉండిపోయాయి.
పెన్సిల్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.

చలికాలం కమిటీలో నియమం పెట్టించింది నేనే:
మొదటివాడి కాలానికి నూటికి నూట పది దాటితే
శనివారం పందెం లేదు.
అందరూ చేతులెత్తారు.
అలిస్టర్ మహినీ మాత్రం టోపీ తిప్పుకుంటూ అడిగాడు:
"నెమ్మదిగా పోయేవాణ్ణి తీసేస్తారు, సరే.
తీసేస్తారన్న భయంతో వాడు ఎలా పోతాడో
లెక్క వేశారా టీచర్?"

వేయలేదు.

అలిస్టర్ ట్రాక్టర్లు బాగుచేస్తాడు. యాభై మూడేళ్లు.
బండి ట్యాంకు మీది ఆకుపచ్చ
వాళ్ల వంటింటి తలుపుకు వేయగా మిగిలిన రంగు.
ఏనాడూ గెలవలేదు. గెలవాలని వచ్చినట్టూ లేడు.

మొన్న శుక్రవారం పొడి రోడ్డు మీద
కుర్రాడు ఫియక్ర నాలుగు ముప్ఫై ఒకటి పాయింట్ రెండు కొట్టాడు.
అంటే గీత, నాలుగు యాభై ఎనిమిది పాయింట్ మూడు.
అలిస్టర్ గుంపు బయల్దేరే వేళకు జల్లు మొదలైంది.
వాన నియమాలు చదవదు.
నియమమూ వానను చూడదు, అది వేరే సంగతి.

అతని మొదటి ల్యాపు అయిదు నిమిషాలు దాటింది.
రెండోదీ అంతే.
చివరిదాంట్లో ట్రైలర్ తలుపు తీసి విన్నాను.
పదకొండేళ్లుగా యాపిల్ తోట దగ్గర
ఆ ఇంజను గొంతు తగ్గించేది,
పక్కగదిలో పసిబిడ్డ పడుకున్నట్టు.
ఆ సాయంత్రం తగ్గించలేదు.

నాలుగు యాభై ఎనిమిది పాయింట్ ఏడు.

బడిలో అయితే అర మార్కు కలిపి పాస్ చేసేదాన్ని.

హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చి
గోడ మీది జాబితాలో తన పేరు కోసం వెతికాడు,
లేదని తెలిసే వెతికాడు.
బయట ఆనించిన బండి హ్యాండిల్ కొసన
కంచె ఆకు ఒకటి నలిగి ఇరుక్కుని ఉంది.
నేను చూశాను. నేను చూడటం అతనూ చూశాడు.
"టీ వేడిగా ఉందా?" అన్నాడు.

శనివారం ఇరవై ముగ్గురు బయల్దేరారు.
ఒకరికొకరు దగ్గరగా, శుభ్రంగా, గాలి చీల్చుకుంటూ.
ఒక్క గడీ ఖాళీ పడలేదు.
తోట గోడ మీద పిల్లలు చేతులెత్తే లోపే
అందరూ వెళ్లిపోయేవారట.
తిరిగి చెయ్యూపినవాడు లేడు.

ఆ మలుపులో నారింజ కోటు వేసుకుని
పసుపు జెండా చుట్టి చంకలో పెట్టుకుని
నిలబడింది అలిస్టరే.
ప్రతి ల్యాపుకూ రేడియోలో అతని గొంతు:
"ఇరవై మూడు. అందరూ దాటారు."
నేను గళ్లు నింపాను.

ఈ రాత్రి నోటుబుక్కులో
నూట పదిని చెరిపి నూట పన్నెండు చేసి చూశాను.
అలిస్టర్ లోపలికొచ్చాడు.
గీతకు అవతల, సెకనులో నాలుగు పదో వంతుల దూరంలో
ఇంకెవడో ఉన్నాడు,
ఏదో మలుపు దగ్గర గొంతు తగ్గించకుండా.
వాడి పేరు నాకింకా తెలియదు.