గడువు

ఫ్రీ అని రాసి ఉంటే
మొదలు జేబు తడుముకునుడు అలవాటు.
వీసా గూడ ఫ్రీయే అన్నడు మా ఏజెంటు,
ఎనుకకెళ్లి లక్షా ఇరవై అడిగిండు.
అందుకే కార్నిష్ గడ్డి మీద
శుక్రవారం పొద్దుగాల కసరత్తు, పైసలు లేవు అంటే
భూమేశు, నేను
ఖర్జూరం చెట్టు చాటుకు నిలవడి
ఒక వారం ఉత్తగ చూసినం.

రెండో వారం చెప్పులిడిసినం.
మారివిక్ అని ఫిలిప్పీన్ పిల్ల,
మిగిలిన ఆరు దినాలు పండ్ల డాక్టరు కాడ పని,
"భుజాలు వదిలేయండి" అంటది.
ఎట్ల వదులుడు?
సలాకల కట్ట ఎక్కిన కాడికెళ్లి
అవి చెవుల పక్కకే ఉన్నయి.
వంగుమన్నది.
వంగంగనే చేతులు నేల మీద
ఎత్తేదేందో దేవులాడినయి.
ఏం లేదు. తడి గడ్డి.
ఏమీ ఎత్తకుండ లేచుడు ఒకటుంటదని
నలభై రెండేండ్లకు తెలిసింది.

ఎండ ముదిరితే లైబ్రరీ.
కింది అంతస్తుల ఇద్రిస్ సాబ్, సూడాన్ ముసలాయన,
తలా ఒక కుంచె ఇచ్చి
కిటికీల కనవడేది గీయుమంటడు.
అందరు పడవలు గీసిన్రు.
భూమేశు క్రేను గీసిండు,
దాని కొస పొంటి
మా రూము లుంగీలన్ని ఆరేసిండు.
ముసలాయన కండ్లద్దాలు తీసి తుడుచుకొని
మల్ల పెట్టుకొని చూసిండు.

కార్డు గూడ ఫ్రీయే.
ఫోటువ ఉన్నది, పేరు ఉన్నది.
చేసే పని ఏందో రాసే గడి లేదు.
తిప్పి వెనుక గూడ చూసిన.

మలయాళానికి నాలుగు అరలు, తమిళానికి రెండు.
మనది ఒక్కటే పుస్తకం:
కూరగాయల సాగు.
అట్ట మీద బీర పందిరి,
లోపట ఎవరిదో చాయ మరక.
ఏడాది దాక ఎవలు కొంటవోకుంటె
అరల నుంచి తీసేస్తరట,
కౌంటరు కాడి లుబ్నా చెప్పింది,
మంచి మాటలనే చెప్పింది.

ఆ రాత్రి పద్నాలుగో రూముల పంచాయతి.
బియ్యం కడుగుడుకు, బాత్రూముకు ఉన్నట్టే
దానికీ వంతులు పెట్టుకున్నం.
మూడు వారాలు నేను, మూడు వారాలు భూమేశు.
ఆశన్నకు అక్షరం రాదు,
అయినా తన వంతు ఇడువలేదు,
తలగడ కింద పెట్టుకున్నడు,
తిరిగిచ్చెటప్పుడు "మంచిగున్నది" అన్నడు.
రాజలింగు మాత్రం పై మంచం మీదికెళ్లి
లైటు ఆర్పేదాక గొంతెత్తి చదివేటోడు:
కాకర గింజలు రాత్రంత నానవెట్టాలె,
పాదుకు మూడు, వేలి లోతుకు మించొద్దు.
ఏసీ నీళ్లు బకెట్ల
చుక్క చుక్క పడుతుంటె
"డ్రిప్పు" అన్నడు ఎవడో చీకట్ల.
నవ్వి నవ్వి
పక్క రూమోళ్లు గోడ గుద్దిన్రు.

పోయిన శుక్రవారం మల్ల నా వంతు.
అరల పుస్తకం లేదు.
తీసి పారేసిన్రా అని
కౌంటరు కాడికి ఉరికిన.
లుబ్నా కంప్యూటర్ల చూసి
"బయట ఉంది, ఎవరో తీసుకున్నారు."
మా రూమోళ్లా?
కాదు.
మరెవలు?
పేరు చెప్పరాదట.
గడువు పదహారో తారీకు.

మల్లొకసారి అర కాడికి పోయిన.
ఒక వేలి మందం సందు.
వేలు పెట్టి చూసిన,
పన్ను ఊడిన జాగల నాలిక పెట్టినట్టు.

బస్సుల భూమేశు ఒకటే అడుగుడు,
ఎవలై ఉంటరు, ఎవలై ఉంటరని.
ఏ విల్లా వంటింట్లనో
పిండి చేతులు కడుక్కున్న కడప అక్కనో,
పోర్టు కాడ లైనుల ఆగిన
ట్రక్కు డ్రైవరో.
బీర తీగకు ఊతం ఎన్నో దినం ఇయ్యాలెనో
ఎవలో చదువుతున్నరు ఈ ఊర్ల.

వాపసు రాకుంటె ఎట్ల అన్నడు.
రానీయి తీరిపారంగ,
గడువు పెంచుకుంటె పెంచుకోనీయి అన్న.
బస్సు మా క్యాంపు దాటి
ఒక స్టాపు ముందటికి పోయింది,
ఇద్దరం చూడలేదు.