తోడు

వక్కచెట్టు ఒంటికి కట్టిన మట్టదోనె మీదుగా
రాత్రి కురిసిన వాన
ఇంకా బొట్టు బొట్టుగా తొట్టిలోకి దిగుతూనే ఉంది.
ఎర్రనది చివర, ఉప్పుబావుల ఊళ్ళో
తాగడానికి ఆ నీళ్ళే.

థోవా సైకిలుకి స్టాండు వేసింది.
హ్యాండిలు సంచిలోంచి
పాత చేపసాసు సీసా తీసి ఎండకెత్తింది.
నువ్వుగింజలో సగం కూడా లేవు,
గెంతుతున్నాయి.
"ఒక్కోదానికి ఒకటే కన్ను, అవ్వా."

మియెన్ అవ్వ తాంబూలం నమలడం ఆపింది.
"తాగే నీళ్ళలో పురుగులు పోస్తావా?
ఈ తొట్టిని నేను కొబ్బరిపీచుతో తోమాను.
అడుగున నా మొహం కనపడేదాకా తోమాను.
అయినా..."

ఆ 'అయినా' తర్వాత
ఇద్దరూ కాసేపు దోనె చప్పుడు విన్నారు.
లోపల గోడమీద, అగరొత్తుల బూడిద వెనక,
తొమ్మిదేళ్ళవాడు బడి చొక్కాలో నవ్వుతున్నాడు.
ఐదు రోజులు కాగిన ఒళ్ళు
ఆరోనాడు చల్లబడింది.
హమ్మయ్య అని అందరూ అన్నం తిన్నది
ఆ పూటే.

థోవాకి ఓదార్చడం రాదు.
తెల్ల పింగాణీ గిన్నె అడిగింది.
తొట్టి మూలనుంచి గరిటెడు నీళ్ళు ముంచింది:
నిన్నో మొన్నో పుట్టిన దోమకూనలు,
తెగిన దారప్పోగుల్లా.
సీసాలోంచి నాలుగు చుక్కలు.

అవ్వ కళ్ళజోడు తెచ్చుకుంది.
పీట లాక్కుంది.
కలుగు ముందు పిల్లిలా
కదలకుండా, రెప్ప వేయకుండా.
పొయ్యిమీద అన్నం అడుగంటిన వాసన వచ్చినా లేవలేదు.
"పట్టింది" అంది చివరికి,
ఎవరిదో గుట్టు చెప్తున్నట్టు.
"ఇంకోదాన్ని కూడా. ఆకలి లేకపోయినా చంపుతోందే!"

టెట్ పండక్కి ఊరంతా తొట్లు కడుగుతారు.
థోవా ముందే చెప్పిపోయింది:
మొత్తం ఒంపెయ్యకు,
పాత నీళ్ళు ఒక చెంబుడు దాచు.
తోడుకి, అని నేనంటాను.
ఆ ఊళ్ళో పెరుగు తోడుపెట్టరు;
ఆ మాట నాది,
కానీ చెంబు అవ్వదే,
దాని మీద మూత, మూత మీద రాయి కూడా.

పండగ ముందురోజు
పక్కింటి తువాత్ గుమ్మంలో నిలబడ్డాడు,
చేతికి బ్లీచింగ్ వాసన, ఖాళీ లోటా.
"అన్నీ చచ్చాయి, పిన్నీ. మీ దగ్గరేమైనా..."
ఒంటికన్ను పురుగులని ఊరంతా నవ్వినప్పుడు
అందరికన్నా గట్టిగా నవ్వింది అతనే.

అవ్వ గుర్తుచేయలేదు.
రాయి తీసింది, మూత తీసింది,
సగం ఒంపింది.

"తొణక్కుండా పట్టుకెళ్ళు" అంది.
"కడుపుతో ఉన్నవి ఉన్నాయి అందులో."