చేబదులు

గన్సూ పసుపుమట్టి మెట్టల మీద జూన్ చివర
ప్రతి పిందెకూ ఒక కాగితం సంచి తొడిగేస్తారు.
చెట్టు నిండా ఉత్తరాలు, ఒక్కటీ విప్పనివ్వరు.
థాన్ చ్యూయే నా చేతికి చిన్న పార ఇచ్చి
"వేరు తెగిందో, చూస్కో" అంది.
స్వాగతం అంతే.

ఈ చివరి మడికి మూడేళ్ళుగా యూరియా లేదు.
మా ప్రయోగశాల దస్తరంలో దీని పేరు
అల్ప నత్రజని క్షేత్రం.
అందుకే రెండు బస్సులు మారి, ఐసుపెట్టె మోసుకుని వచ్చాను.

పైన అన్నీ ఫూజీలే, ఒకే కొమ్మ సంతానం.
తేడా అంతా మోకాలి కింద.
రూట్‌స్టాక్ అని నేనంటే
"కింది మనిషి" అని దిద్దింది ఆవిడ.
ఎడమ వరుసకి కింది మనిషి కొండచరియ మీది అడవి గింజ.
కుడి వరుసది నర్సరీలో కొన్న పొట్టి రకం,
తొందరగా కాపుకొస్తుందని వాళ్ళాయన మోజుపడి తెచ్చాడు.
అంటుకట్టిన చోట కత్తిగాటు మానిన బుడిపె.
దాని మీద చెయ్యి పెట్టి చెప్పింది:
"పళ్ళపెట్టె మీద దీని పేరుండదు."

తవ్వాను.
వేరు దులిపితే రాలేది మామూలు మట్టి.
దులిపినా రాలనిదే నాకు కావాలి.
అంటిపెట్టుకున్న ఆ పొర, గోరు మందం కూడా లేదు,
బ్రష్షుతో గీకి గొట్టంలోకి తీశాను.
"ఇందులో ఎంతమంది?"
లెక్కపెట్టాక చెప్తానన్నాను.

నేను చదివినంతలో జరిగేది ఇది:
తిండి తగ్గిన వేరు ఊరుకోదు.
ఆకు వండి పంపిన తీపిలో కొంత
తను తినకుండా చీకట్లోకి వదుల్తుంది, కాస్త వగరు కలిపి.
ఆ రుచి మరిగి వచ్చేవాళ్ళు వస్తారు.
గాలిలో మూడు ముళ్ళు వేసుకుని
ఎవరి గోలా పట్టకుండా తిరిగే నత్రజని జంటని
ముడి విప్పి, నేలకి దించి, వేరుకి అందిస్తారు.
చేబదులు.
కాగితం లేదు, సాక్షి సంతకం లేదు.
దయ కూడా లేదు. తీపి ఆగిన రోజు లేచిపోతారు.
సంచులకొద్దీ ఎరువు పడ్డ పక్కతోటలో
వేర్లకి ఎవర్నీ పిలిచే పని లేదు.
తలొంచుకుని తింటున్నాయి.

కుడి వరుసలో పదకొండు చెట్లు పోయాయి.
పొట్టి వేరుకి పిలవడం రాదో,
పిలిస్తే వచ్చినవాళ్ళు వేరే పనివాళ్ళో,
అది నా మూడో అధ్యాయం, ఇంకా రాయలేదు.

మధ్యాహ్నం కొర్రజావ, నంజుకోవడానికి ఉప్పు ముల్లంగి.
దస్తరంలో ఒక గడి మిగిలింది:
యూరియా ఆపడానికి కారణం.
ప్రయోగం కోసం అని రాయబోతూ, ఎందుకో, అడిగాను.
ఆవిడ కాగితం సంచి మూతికి తీగ మెలిపెడుతూనే చెప్పింది.
ఆయన ఆస్పత్రిలో ఉన్న చలికాలం
ఎరువుల కొట్టువాడు పాత బాకీ తీరిస్తేనే అన్నాడట.
ఉన్నది అన్ని మళ్ళకీ చాలదు,
దూరంగా ఉందని దీన్ని వదిలేసింది.
మరుసటేడు ఆయన లేడు. బాకీ ఉంది.
"మూడో ఏడు డబ్బులొచ్చాయి. చల్దామని బస్తా మోసుకొచ్చా.
ఎడమ వరుస నన్నేమీ అడగలేదు."
"కుడి వరుస?"
తీగ ఇంకో మెలిక తిప్పింది.
"అది అడిగేసరికే ఆలస్యమైంది."

గడిలో ఏం రాయాలో తెలీక
పెన్సిలుతో ఒక అడ్డగీత పెట్టాను.

ఐసు కరుగుతోంది, బస్సు నాలుగున్నరకి.
తవ్విన గుంట పూడ్చి పాదంతో అదిమిందావిడ.
తర్వాత వంగి, పార అంచుకి అంటుకున్న మట్టిని
వేలితో గీకి మళ్ళీ వేరు దగ్గరే వేసింది:
"వీళ్ళనైనా ఉండనీ."