చుక్కల గీత

శనివారం నా తరగతిగదిని రక్తపరీక్షలకు అప్పిచ్చాను.
నల్లబల్ల మీద ఆరో ఎక్కం అలాగే ఉంది.
దాని ముందు, మూడు బల్లలు కలిపి పరిచిన అట్టకాగితం మీద
హాలండ్ నుంచి వచ్చిన మరెయ్‌కె
మా వంశాన్ని పెన్సిలుతో గీస్తోంది.
మగవాళ్ళు చదరాలు, ఆడవాళ్ళు సున్నాలు,
నెత్తురోడే వాళ్ళకి లోపల నలుపు.

"పదకొండుమందిని కన్నాను,
నన్నూ సున్నా అంటుందేమే ఈ పిల్ల!"
అపొలోనియా అమ్మమ్మ అలా నవ్వుతూనే
చెయ్యి చాచింది సూదికి.

కురసావ్ దీవిలో మా వైపు
చెట్లన్నీ గాలికి పడమటికే వాలి పెరుగుతాయి.
మా ఇంట పెళ్ళయితే అమ్మమ్మ కుట్టిచ్చే కానుక ఒకటే,
ముదురెరుపు దిండుగలీబులు, అరడజను.
తెల్లవి మా గడప తొక్కలేదు.
ఎందుకని అడిగిన అల్లుళ్ళు
నెల తిరక్కుండానే అడగడం మానేశారు.

ముప్పై దాటితే పెదవుల మీద ఆవగింజంత ఎర్రచుక్కలు.
అందరికీ కాదు. అదే కదా బాధ.
రుడ్సెల్ మామకి నలభై ఒకటి.
తేలే వంతెన పక్కకి తెరుచుకుంటుంటే
సైకిలు పట్టుకు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు.
ముక్కు జబ్బే అనుకున్నాం అన్నాళ్ళూ.
తలలో కూడా ఉంటుందని మాకెవరు చెప్పారు?

పెన్సిలు పైకి పాకి పాకి
కాగితం చివర ఆగింది.
"సెసీలియా. ఉప్పుమళ్ళలో పని.
ఇంటిపేరు?"
ఇంటిపేరు లేదు. ధర ఉండేది.
"ఈమె బిడ్డకి తండ్రి?"
గదిలో ముప్పైమందిమి.
ఫ్యాను చప్పుడు వింటూ కూర్చున్నాం.
మరెయ్‌కె ఒక ఖాళీ చదరం గీసి
పక్కన ప్రశ్నార్థకం పెట్టింది.

నాలుగింటికి తలుపు దగ్గర ఒక ముసలాయన.
గుట్ట మీది పసుప్పచ్చ బంగళా లోడెవైక్ గారు.
ఆ ఉప్పుమళ్ళు ఒకప్పుడు వాళ్ళవే.
"ఇక్కడేనా..." అంటూ ఉండగానే
ముక్కులోంచి ధార.

అందరికన్నా ముందు లేచింది అమ్మమ్మే.
"ముందుకి వంగు, వెనక్కి కాదు! మింగావంటే కడుపులో దేవుతుంది."
రెండు వేళ్ళతో ఆ తెల్లముక్కు నొక్కి పట్టింది.
చేతికింద నుంచి గొణిగాడాయన,
"మా అమ్మా ఇదే మాట అనేది."
అమ్మమ్మ వేళ్ళు తియ్యలేదు.
చాలాసేపటికి అడిగింది,
"మీ ఇంట్లో దిండ్లు ఏ రంగు?"
"ముదురు నీలం."

ఇద్దరు పిల్లల కాగితాల్లో
ఒకే పదంలో ఒకే అక్షరం తప్పితే
ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారో నేను ఇట్టే పట్టేస్తాను.
ఆర్నెల్లకి వచ్చిన ఉత్తరంలో సరిగ్గా అదే ఉంది.

మరెయ్‌కె మళ్ళీ వచ్చింది, పాత కాగితంతోనే.
ఇరువైపులవాళ్ళూ ఒప్పుకున్నాకే గీస్తుందట.
ప్రశ్నార్థకాన్ని రబ్బరుతో తుడిచి, మొహమాటపడుతూ,
"పెళ్ళి కాని చోట మేం... చుక్కల గీత పెడతాం," అంది.
"చుక్కలే పెట్టు," అంది అమ్మమ్మ,
"మాకు చుక్కలు కొత్తా?"
ఎవరో కుర్రాడు బంగళాలో వాటా సంగతి ఎత్తాడు.
"మన వాటా మనకెప్పుడో ముట్టిందిరా,"
అంటూ జేబురుమాలు మడిచింది.

జులైకాకి తొమ్మిదేళ్ళు. ఇంతవరకూ ఒక్క చుక్క రాలలేదు.
దాని పేరున వచ్చిన కవరు
నా హాజరుపట్టీలో ఉంది, అంటించినట్టే.
రోజూ పేర్లు పిలిచేటప్పుడు వేలికి తగులుతుంది.
నిన్న బజార్లో
ఒక తెల్ల దిండుగలీబు చేతిలోకి తీసుకున్నాను.
అంచున చిన్న లేసు. ధర కూడా ఎక్కువేం కాదు.
మడత చెడకుండా
మళ్ళీ అక్కడే పెట్టేశాను.